సెకండ్ హ్యాండ్ ఫోర్ వీల్ డ్రైవ్ కొంటున్నారా? ఎంత గుంజుతదో తర్వాత, ఎట్ల దిగుతదో ముందు చూడండి



పైన వీడియోలో మా జీపు కింద పడుకుని ఒక్కొక్క భాగం చూపించాను. వీడియోలో చెప్పడానికి టైం సరిపోని సంగతులు ఇక్కడ వివరంగా రాస్తున్నా. "అన్నా, జీవామృతం డ్రమ్ములు, ఎరువు, పంట అన్నీ ట్రాలీలో వేసుకుని గుంజడానికి పాత ఫోర్ బై ఫోర్ ఏది కొనాలి?" అని చాలామంది అడుగుతున్నారు. ఏ కంపెనీది కొనాలి అనేది చివర్లో వచ్చే మాట. ముందు నేను చేసిన తప్పు చెప్తా.

మాది వికారాబాద్ జిల్లా, తాండూరు వైపు. నల్లరేగడి నేల. ఎండాకాలం రాయిలాగా ఉంటది, నాలుగు చినుకులు పడితే చెప్పు కూడా వదలదు. రోడ్డుకు, మా చేనుకు మధ్య ఒక వాగు ఉంది. గట్టు దిగి, వాగు దాటి, మళ్లీ ఎక్కాలి. అందుకే టూ వీల్ డ్రైవ్ బండి మాకు వానాకాలంలో పనికిరాదు.

మొదటిసారి ఒక పాత ఫోర్ వీల్ జీపు కొన్నా. సాయంత్రం పోయి, తారు రోడ్డు మీద రెండు కిలోమీటర్లు నడిపి, ఇంజన్ సప్పుడు బాగుంది, పికప్ బాగుంది అని బయానా ఇచ్చేశా. ఫోర్ వీల్ గేరు ఉందా అంటే ఉంది. అది వేసి చూశానా అంటే చూడలేదు.

ఆషాఢంలో ఒకరోజు ట్రాలీలో ఐదు డ్రమ్ముల జీవామృతం వేసుకుని వాగు గట్టు దిగుతున్నా. 4ఎల్ వేసి, ఫస్ట్ గేరులో పెట్టా. సగం దిగాక టక్కుమని సప్పుడు వచ్చి ఫోర్ వీల్ లివర్ దానంతట అదే న్యూట్రల్‌లోకి వచ్చేసింది. ఇంజన్ పట్టు పోయింది. వెనక టన్ను దాటిన బరువు జీపును నెడుతున్నది. బ్రేకు తొక్కితే చక్రాలు ఆగినయ్ గానీ బండి బురదలో జారుతనే ఉంది. కింద మా నాయిన నిలబడి "రా, రా" అని దారి చూపిస్తున్నాడు. చివరి క్షణంలో పక్కకు దూకాడు. ట్రాలీ అడ్డం తిరిగి, జీపు గట్టుకు గుద్దుకుని ఆగింది. నాయిన మోకాలు చిప్ప పగిలింది. ఇప్పటికీ ఆవు దగ్గర గొంతు కూర్చుని పాలు పిండలేడు, స్టూలు వేసుకుంటాడు. ఆ స్టూలు చూసినప్పుడల్లా నాకు ఆ జీపే గుర్తొస్తది.

తర్వాత మా మెకానిక్ చాచా ట్రాన్స్‌ఫర్ కేస్ విప్పి చూపించిండు. లోపల గేరును జరిపే ఫోర్క్ అరిగిపోయింది. గేరు పూర్తిగా కూర్చోదు. ఎక్కేటప్పుడు ఎట్లనో నిలబడుతది, దిగేటప్పుడు బరువు ఎదురు తిరిగితే ఊడిపోతది. చాచా అన్న మాట ఇది: "బేటా, బండి ఎంత గుంజుతదని అందరూ అడుగుతరు. ఎట్ల దిగుతదని ఒక్కడూ అడగడు."

ఈ పాఠం మొత్తం ఆ మాట మీదనే.

1. ముందు మీ బరువు లెక్క వేసుకోండి

బండి చూడడానికి పోకముందే కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి: ఎంత బరువు, ఎంత వాలు, ఏ నేల.

ఎకరానికి వాడే జీవామృతం 200 లీటర్ల నీళ్లతో చేస్తాం. పేడ, మూత్రం, బెల్లం, పిండి కలిపితే ఒక డ్రమ్ము 200 కిలోల పైమాటే. ఐదు డ్రమ్ములంటే టన్ను దాటింది. ఖాళీ ట్రాలీ ఇంకో 400, 500 కిలోలు. మొత్తం టన్నున్నర. మామూలు జీపు బరువు కూడా దాదాపు అంతే ఉంటది. అంటే ఒక జీపు ఇంకో జీపును గుంజుతున్నట్టు.

మంచి తారు రోడ్డు మీద టన్నున్నర ట్రాలీని కదిలిస్తూ ఉండడానికి 20, 30 కిలోల బలం చాలు. అదే ట్రాలీ తడి రేగడిలోకి దిగితే 150 నుంచి 200 కిలోల బలం కావాలి. పది అడుగులకు ఒక అడుగు ఎత్తు పెరిగే గట్టు అయితే దానికి ఇంకో 150 కిలోలు కలుపుకోండి. దిగేటప్పుడు ఆ 150 కిలోలే మీ బండిని వెనక నుంచి నెడుతయ్. తారు రోడ్డు మీద ట్రయల్ చూసి కొంటే ఏమీ తెలియదు అనేది ఇందుకే.

ఇంకో సంగతి. సగం నిండిన డ్రమ్ము నిండు డ్రమ్ముకన్నా కష్టం పెడుతది. బ్రేకు వేస్తే నీళ్లు ముందుకు, ఎత్తేస్తే వెనక్కు కొట్టుకుంటయ్. నాకు ప్రమాదం జరిగిన రోజు నా ఐదు డ్రమ్ములూ ముప్పావు వంతే నిండి ఉన్నయ్. నింపితే పూర్తిగా నింపండి, లేకపోతే తక్కువ డ్రమ్ములు తీసుకుపోండి.

2. మీకు నిజంగా జీపు కావాల్నా?

పని మొత్తం చేనులోనే అయితే పాత ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టర్ చూసుకోండి. అది గుంజడానికే పుట్టింది. నాకు జీపు ఎందుకంటే, వారానికి రెండుసార్లు కూరగాయలు, కందిపప్పు హైదరాబాద్ కస్టమర్లకు చేర్చాలి. ట్రాక్టర్‌తో అంత దూరం పోలేం. చేనులో గుంజాలి, రోడ్డు మీద నడవాలి అనే రెండు పనులూ ఉన్నోళ్లకే జీపు, పికప్పు లాంటివి.

నేల సంగతి కూడా మరిచిపోవద్దు. మనం వానపాముల కోసం, గుల్ల నేల కోసం ఇంత కష్టపడుతున్నం. తడి నేల మీద బండి ఎక్కడ పడితే అక్కడ తిప్పితే ఒక్కరోజులో నేల గట్టిపడుతది. బెడ్ల మధ్య బండికి ఒకటే దారి పెట్టుకోండి, ఎప్పుడూ దాని మీదనే నడపండి. ఫోర్ వీల్ డ్రైవ్ ఉందని బురద చేనులోకి దూకించడం నేలకూ మంచిది కాదు, బండికీ మంచిది కాదు.

3. చూడడానికి ఎప్పుడు పోవాలి?

పొద్దున్నే పోండి. వస్తున్నామని చెప్పి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని అడగండి. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి పెట్టిండని అర్థం. వేడి ఇంజన్ చాలా రోగాలు దాచిపెడుతది.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి పొగ చూడండి. డీజిల్ బండికి మొదట్లో కొంచెం పొగ మామూలే. నీలం రంగు పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టు. తెల్లపొగ వేడెక్కినా ఆగకపోతే ఇంజెక్టర్ల సమస్యో, లోపలికి నీళ్లు పోతున్నయో అనుమానించండి. ఐడ్లింగ్‌లో ఆయిల్ పోసే మూత తీసి చూడండి. లోపలి నుంచి ఇంజన్ గట్టిగా, దమ్ము పట్టినట్టు ఊదుతుంటే రింగులు అరిగినట్టు. రేడియేటర్ మూత మాత్రం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. నీళ్ల మీద నూనె తేలితే ఆ బండి వదిలేసి ఛాయ్ తాగి ఇంటికి రండి.

4. బండి కింద పడుకోండి

బట్టలకు మన్ను అంటుతదని సిగ్గుపడితే లక్షలు పోతయ్. కింద చూడాల్సినవి ఇవి:

ముందు ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఉందా? నవ్వకండి. సప్పుడు వస్తుందని దాన్ని విప్పేసి అమ్మేవాళ్లు ఉన్నారు. ఒకే మోడల్‌లో టూ వీల్ డ్రైవ్, ఫోర్ వీల్ డ్రైవ్ రెండూ వచ్చిన బండ్లు మన దగ్గర చాలా ఉన్నయ్. వెనక "4×4" స్టిక్కర్ ఎవడైనా అంటించొచ్చు.

షాఫ్ట్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. క్రాస్ జాయింట్లలో టకటకమని లూజ్ తెలిస్తే అవి మార్చాలి. షాఫ్ట్ చుట్టూ గడ్డి, సుతిలి దారం చుట్టుకుని ఉందేమో చూడండి. అవి సీలును కోసేస్తయ్.

ట్రాన్స్‌ఫర్ కేస్, ముందు వెనక డిఫరెన్షియల్ దగ్గర ఆయిల్ కారుతున్నదా? ఒప్పుకుంటే ప్లగ్ విప్పించి ఆయిల్ చూడండి. పాలు కలిపిన ఛాయ్ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయినయ్.

చాసిస్ పొడుగునా టార్చి వేసి చూడండి. కొత్తగా నల్ల పెయింట్ వేసిన చోట వేలితో కొట్టండి. వెల్డింగు, పగుళ్లు ఎక్కువగా కమాన్ కట్టలు బిగించే చోట, వెనక హుక్ దగ్గర వస్తయ్. కమాన్ కట్టలో పట్టీ విరిగిందా, ఒక పక్క బండి కుంగిందా చూడండి.

నాలుగు టైర్లూ ఒకటే సైజా, ఒకటే తీరు అరిగినయా? ముందు ఒక సైజు, వెనక ఒక సైజు ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు గేర్ల మీద ఒత్తిడి పడి లోపల భాగాలు పాడైతయ్.

5. ఫోర్ వీల్ నిజంగా పనిచేస్తదా?

ఇది అన్నిటికన్నా ముఖ్యం. వీడియోలో మూడు పరీక్షలు చేసి చూపించా.

మొదటిది జాకీ పరీక్ష. సమతలం మీద వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ ఆపి, ముందు ఒక చక్రాన్ని జాకీతో లేపండి. 2హెచ్‌లో ఆ చక్రం చేత్తో తిరగాలి. తర్వాత హబ్ లాక్ ఉన్న బండి అయితే హబ్‌లు లాక్ చేసి, 4హెచ్ వేసి, ఫస్ట్ గేరులో పెట్టండి. ఇప్పుడు చక్రం తిరగొద్దు. కొంచెం ఆడి ఆగాలి. హాయిగా తిరుగుతుంటే ముందు చక్రాలకు పవర్ పోతలేదు. జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం ఎవరూ దూరొద్దు.

రెండోది మలుపు పరీక్ష. మట్టి నేల మీదనే చేయాలి, తారు రోడ్డు మీద వద్దు. 2హెచ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా ఒక చుట్టు తిరగండి. తర్వాత 4హెచ్‌లో అదే చుట్టు తిరగండి. పాత తరహా ఫోర్ వీల్ బండి రెండోసారి బిగపట్టినట్టు, చక్రాలు మట్టిని గీకుతున్నట్టు ఉండాలి. రెండుసార్లూ తేడా తెలియలేదంటే ఫోర్ వీల్ పడలేదు. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ ఎందుకు వేయొద్దో కూడా ఇక్కడే అర్థమైతది. మట్టి జారుతది కాబట్టి ఆ బిగింపు వదులుతది, తారు జారనీయదు.

మూడోది దిగుడు పరీక్ష. నేను చేయనిది, నాయిన మోకాలు పోగొట్టింది. ముందు ఎవరూ లేని మట్టి వాలు చూసుకోండి. 4ఎల్, ఫస్ట్ గేరు వేసి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసి, క్లచ్ తొక్కకుండా దిగండి. కాలు బ్రేకు పక్కనే సిద్ధంగా ఉండాలి. ఇంజన్ బండిని నడక వేగంలో పట్టి ఉంచాలి. మధ్యలో రెండు మూడుసార్లు కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి వదలండి. లివర్ వణికినా, బయటికి ఊడినా ఆ బండి వద్దు. అమ్మేటాయన "అది చిన్న పని అన్నా" అంటడు. చిన్న పని అయితే ఆయననే చేయించి అమ్మమనండి.

6. క్లచ్, బ్రేకులు

హ్యాండ్ బ్రేక్ గట్టిగా వేసి, ముందు మనుషులు లేకుండా చూసుకుని, థర్డ్ గేరులో క్లచ్ మెల్లగా వదలండి. ఇంజన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూ ఉంటే క్లచ్ ప్లేటు అయిపోయింది.

బ్రేకు పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టండి. మెల్లగా కిందికి దిగుతుంటే మాస్టర్ సిలిండర్ పోయింది. ఖాళీ మట్టి దారిలో 30 వేగంలో బ్రేకు వేసి చూడండి. బండి ఒక పక్కకు గుంజొద్దు. వాలు మీద హ్యాండ్ బ్రేక్ ఒక్కటే వేసి ఆపి చూడండి.

నేను ఇప్పుడు పెట్టుకున్న నియమం: బ్రేకులు లేని ట్రాలీ అయితే సరుకుతో సహా దాని బరువు జీపు బరువులో సగం దాటొద్దు. అంతకన్నా ఎక్కువ మోయాలంటే ట్రాలీకి సొంత బ్రేకు ఉండాలి. బండితో వచ్చిన పుస్తకంలో ఎంత గుంజొచ్చో రాసి ఉంటది, అది ఎప్పుడూ దాటొద్దు.

7. హుక్, ట్రాలీ

హుక్ బంపర్‌కు వెల్డింగ్ చేసి ఉంటే విప్పి పారేయండి. అది చాసిస్‌కు బోల్టులతో బిగించి ఉండాలి. హుక్‌తో పాటు రెండు గొలుసులు అడ్డంగా కట్టండి. హుక్ ఊడినా ట్రాలీ పోదు. ట్రాలీ వెనక లైట్లు, ఇండికేటర్లు పనిచేయాలి.

బరువు ట్రాలీ ఇరుసుకు కొంచెం ముందు పక్కన ఉండాలి. మొత్తం బరువులో పదో వంతు హుక్ మీద పడితే బాగుంటది. వెనక ఎక్కువైతే రోడ్డు మీద ట్రాలీ పాములాగా ఊగుతది.

8. కాగితాలు

ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో మీరే పోల్చి చూడండి. పాత జీపుల్లో ఇంజన్లు మార్చడం మామూలే. నంబరు కలవకపోతే పేరు మార్పిడి దగ్గర ఆగిపోతరు. ఎం-పరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, బ్యాంకు అప్పు ఉందా అన్నీ కనబడతయ్. అప్పు ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా పైసలు ఇవ్వొద్దు. పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకోండి. కొన్నవాళ్లు 30 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపు మీ పేరు మీదికి మార్చమని రాసివ్వండి.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టిండ్రు, అందుకే అక్కడి నుంచి తక్కువ ధరకు మన దిక్కు వచ్చినయ్. ధర చూసి మురిసిపోకండి. ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అన్నీ కలిపి లెక్క వేస్తే ఇక్కడి బండే నయం కావచ్చు.

వరదలో మునిగిన బండ్లు ఇంకో మోసం. 2020లో హైదరాబాద్‌లో, 2024లో విజయవాడ బుడమేరు వరదలో వేల బండ్లు నీళ్లలో నిలబడ్డయ్. సీటు కింది పట్టాల తుప్పు, కార్పెట్ కింద సన్నటి మన్ను, ఫ్యూజ్ బాక్సులో పచ్చటి తుప్పు చూడండి.

ట్రాలీ కూడా చట్టం లెక్కలో వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్ కావాలి, ఇన్సూరెన్స్‌లో చేర్పించాలి. వెల్డింగ్ షాపులో చేయించిన ట్రాలీతో రోడ్డెక్కితే, ఏదైనా జరిగిన రోజు ఎవరూ మన పక్కన నిలబడరు.

9. మరి ఏ బండి?

మీ దగ్గరి టౌన్‌లో ఏ బండికి స్పేర్లు, మెకానిక్ దొరుకుతరో అదే మంచి బండి. మా దిక్కు మహీంద్రా పాత థార్ డీజిల్, బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ లాంటివాటికి సామాను సులువుగా దొరుకుతది. మారుతి జిప్సీ తేలికైన పెట్రోల్ బండి, బురదలో బాగా పోతది గానీ టన్నున్నర గుంజే పని దానిది కాదు. మన ఆంధ్రా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ బలమైన పికప్పు, కానీ ధర, స్పేర్ల ఖర్చు ముందే కనుక్కోండి.

మీ దగ్గర ఉన్న పైసల్లో ఐదో వంతు పక్కన పెట్టి మిగతా దానితోనే బండి చూడండి. కొన్న వారంలోనే అన్ని ఆయిళ్లు, బ్రేకు ఫ్లూయిడ్, బెల్టులు, క్రాస్ జాయింట్ గ్రీజు అన్నీ కొత్తగా చేయించండి. తర్వాత నెలకోసారైనా మట్టిలో ఫోర్ వీల్ వేసి కొంచెం దూరం నడపండి. వాడని ఫోర్ వీల్ అవసరమైన రోజే పట్టేస్తది.

నేను రెండో బండి కొనేటప్పుడు పదకొండు చూశా. తొమ్మిది జాకీ దగ్గరనో, కాగితాల దగ్గరనో ఆగిపోయినయ్. పదోది దిగుడు పరీక్షలో లివర్ వణికింది. పదకొండోది కొన్నా. చూడడానికి అన్నిటికన్నా పాతగా ఉంది, బానెట్ మీద రంగు పోయింది. మొదటిసారి లోడుతో వాగు దగ్గరికి తెచ్చినప్పుడు నాయిన కట్టె పట్టుకుని మళ్లీ కిందికి దిగబోయిండు. "నాయినా, ఇప్పుడు కింద ఎవరూ నిలబడొద్దు, నువ్వు పైననే ఉండు" అన్నా. బండి నడక వేగంలో దిగింది, వాగు దాటింది, ఎక్కింది. వెనక్కి చూస్తే నాయిన గట్టు మీద నిలబడి చెయ్యి ఊపుతున్నడు.

బండి ఎంత మంచిదైనా మా ఇంట్లో నియమం మాత్రం అదే: లోడుతో బండి దిగుతుంటే ముందు మనిషి ఉండొద్దు. మీ ఇంట్లో కూడా ఈ నియమం పెట్టుకోండి. బండి చూడడానికి పోయేటప్పుడు ఒక జాకీ, ఒక టార్చి, మీకు తెలిసిన ఒక మెకానిక్‌ను వెంట తీసుకుపోండి. మెకానిక్‌కు ఇచ్చే ఒక రోజు కూలీ దగ్గర పిసినారితనం చేయొద్దు.

ఉంటా మరి. వర్షాలు పడకముందే మీ ట్రాలీ గొలుసులు ఒకసారి చూసుకోండి.